పాయింట్లు పడిపోయినయ్

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని ఈమధ్య ఒక కాలేజీవాళ్లు నన్ను పిలిచారు. మంచి మాటలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చేసిన ఒక చెడ్డ పని చెప్తానన్నాను. వాళ్లు మొహమొహాలు చూసుకుని, చివర్లో పది నిమిషాలు ఇస్తామన్నారు. పది నిమిషాల్లో అది తెమలలేదు. గంట కొట్టేశారు, పిల్లలు బస్సుల కోసం లేచిపోయారు. అక్కడ సగంలో ఆగింది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా హన్మకొండ ల్యాబుల్లో పనిచేశాను. ఆఖరి పన్నెండేళ్లు ఒకటే ఆస్పత్రి. దాని పేరు అనవసరం, తప్పు నాది గానీ దానిది కాదు. రక్తాలు తీశాను, యంత్రాలు నడిపాను, మోకాళ్లు మొరాయించాక రిపోర్టులు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చున్నాను. నిజానికి మోకాళ్లొక సాకు. మాట్లాడకపోతే నాకు పొద్దు పోదు. యంత్రం ముందు కూర్చునే మా సహోద్యోగి రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడేవాడు, అందులో ఆరు యంత్రంతోనే. ఆయన పక్కన ఏడేళ్లు కూర్చున్న దానికి కిటికీ అప్పగిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. స్టాఫంతా కలిసి నా కిటికీకి రేడియో అని పేరు పెట్టారు.

కాగితం అందించి ఊరుకోవాలని రూలు. రిపోర్టు అర్థం చెప్పడం డాక్టరు పని. కానీ పొద్దున్నే బస్సెక్కి పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చిన మనిషి ఆ కాగితాన్ని రెండు పక్కలా తిప్పి చూసి, "ఏమున్నదమ్మా ఇండ్ల?" అని అడిగితే, తెలిసి తెలిసి నోరు మూసుకోవడం నాకు చేతకాదు. డాక్టరు పిలుపు వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చుంటారు. అందుకని ఒక్క ముక్కలో చెప్పేసేదాన్ని. "షుగర్ జర ఎక్కువున్నది, డాక్టర్ సాబ్ తీపి బంద్ పెట్టమంటడు." "థైరాయిడ్ మంచిగనే ఉన్నది, గాబర పడకు." ఇంగ్లీషు కాగితాన్ని మనుషుల మాటలోకి దించేది ఆ ఆస్పత్రి మొత్తంలో నేనొక్కదాన్నే అని నాకు లోపల లోపల చాలా గర్వంగా ఉండేది.

ఇప్పుడు ఆ ఒక్క మాట సంగతి చెప్పాలి. వరంగల్ చుట్టుపక్కల రక్తాన్ని పాయింట్లలో కొలుస్తారు. హిమోగ్లోబిన్ అన్న మాట మా కిటికీ అవతల ఎవరి నోటా నేను వినలేదు. "కోడలికి ఎనిమిది పాయింట్లే ఉన్నదట" అన్నారంటే ఇల్లంతా కదులుతుంది. బీట్‌రూట్ వస్తుంది, దానిమ్మ వస్తుంది, ఆదివారం మేక కార్జం వస్తుంది. నెల తర్వాత పది పాయింట్లయితే అత్తగారు వాడంతా చెప్పుకుంటుంది. పాయింట్లంటే పెరగాల్సినవి. పడిపోయాయంటే మనిషి పోతున్నాడని. ఇది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు, నాకూ తెలుసు. తెలిసే నేను ఆ మాట ఎక్కడ పడితే అక్కడ వాడేదాన్ని. షుగరుకూ పాయింట్లే, కొవ్వుకూ పాయింట్లే. నోటికి హాయిగా ఉండేది.

ఆయన వర్ధన్నపేట అవతల ఒక పల్లెలో మిర్చి రైతు. డెబ్బైకి రెండేళ్లు తక్కువ. పొడుగ్గా, ఎండకు కమిలిపోయి, భుజం మీద తువ్వాలతో మొదటిసారి నా కిటికీ ముందు నిలబడ్డప్పుడు, ఏం పరీక్ష అన్నా అంటే చెప్పడు. గోడ వైపు చూస్తూ "మొగోళ్ల పరీక్ష" అన్నాడు. వెనకాల ఉన్న ఆయన భార్య ఊరుకోలేదు.

"ఒంటికి పోతే అద్దగంట పడ్తాంది, నడుము నొస్తాంది అని చెప్పరాదు? ఆమె దవాఖాన మనిషి, ఆమె కాడ ఏం సిగ్గు?"

ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న, ఆమె వదినె. నన్ను ఆయన చెల్లె అనేవాడు, ఆమె కూడా వదినె అనే పిలిచేది.

ఆ మొగోళ్ల పరీక్ష పేరు పీఎస్‌ఏ. మూత్రాశయం కింద మగవాళ్లకు ప్రోస్టేట్ అని ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అది తయారుచేసే ఒక పదార్థం కొద్దిగా రక్తంలోకి చేరుతుంది. దాన్ని కొలవడమే ఈ పరీక్ష. మామూలుగా నాలుగు లోపు ఉంటుంది, వయసును బట్టి కొంచెం అటూ ఇటూ. ఆయనకు రెండు వందల పన్నెండు వచ్చింది. మా యంత్రం మనిషి ఆ రోజు కోటా పది మాటల్లోంచి ఒకటి తీసి ఖర్చుపెట్టాడు. "పాపం," అన్నాడు.

ముక్క పరీక్ష అయింది, స్కాన్ అయింది. క్యాన్సర్. తుంటి ఎముకలో ఒక చోటికి పాకింది. కోసి తీసేసే దశ దాటింది, కానీ అణచిపెట్టి ఉంచే మందు ఉంది. మూడు నెలలకొక సూది. కార్డు మీద ఉచితంగానే వేసేవారు. మా డాక్టరు చిన్నవాడు, ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాడు, చాలా మర్యాదస్తుడు. ప్రతి వాక్యం చివర అండీ ఉండేది. సూది వేసిన ప్రతిసారీ రక్తం తీసి మూడు అంకెలు చూడాలని రాశాడు. ఒకటి పీఎస్‌ఏ. రెండోది ఎముకల్లో జబ్బు అలజడి చేస్తోందా అని చెప్పేది. మూడోది మామూలు హిమోగ్లోబిన్. సూది పడ్డాక పీఎస్‌ఏ ఎంత అడుక్కి దిగుతుంది, దిగినచోట ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నదాన్ని బట్టి డాక్టర్లు ముందున్న రోజులను అంచనా కడతారు. అది జాతకం కాదు, కానీ చీకట్లో చేతికి తగిలే గోడలాంటిది. ఒకటి లోపలికి దిగిందంటే చాలా సంతోషించాల్సిన విషయం.

మీరు గమనించాల్సింది ఇక్కడే. ఒకటే కాగితం. హిమోగ్లోబిన్ పెరిగితే మంచిది, పీఎస్‌ఏ దిగితే మంచిది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆ కాగితంలో పీఎస్‌ఏ ఉలిపికట్టె. ల్యాబ్‌లో కూర్చున్న మనకు అది చెప్పాల్సిన విషయమే అనిపించదు.

మూడు నెలల తర్వాత ముప్పై ఎనిమిదికి దిగింది. కాగితం చూడగానే నాకు ఆగలేదు.

"అన్నా, పాయింట్లు మస్తు పడిపోయినయ్! ఇగ ఫికర్ చెయ్యకు!"

"పడిపోయినయా?" అన్నాడు ఆయన.

"పడిపోయినయ్. యాడ రెండొందలు, యాడ ముప్పై ఎనిమిది!"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని పోయాడు. ఇంకో మూడు నెలలకు నాలుగు. ఆ రోజు కిటికీ ముందు జనం ఎక్కువగా ఉండి, అద్దంలోంచే నాలుగు వేళ్లు చూపించి నవ్వాను. తల ఊపాడు. ఆ తర్వాత మే ఎండలు పోయి జూన్ పడ్డాక వచ్చిన రిపోర్టు సున్నా పాయింట్ ఏడు. నేను కిటికీ చెక్క మీద అరచేత్తో చరిచాను.

"అన్నా, ఒక్క పాయింట్ గూడ లేదు! అడుగంటినయ్!"

ఆయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం నాకు కనిపించింది. సంతోషం పట్టలేక ఏడుస్తున్నారనుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనకు చాయ్ ఇస్తూ, ఈ ఉద్యోగంలో జీతం కంటే ఇలాంటివే మిగులుతాయని కూడా అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఆయన రాలేదు. రాలేదని నాకు తెలియను కూడా తెలియదు. రోజూ కిటికీ ముందుకు వందల చేతులు వస్తాయి, రాని చెయ్యి ఏదో ఎవరు చూస్తారు? సూది సంగతి సూదుల గదిది, రక్తం సంగతి మాది. ఇద్దరం ఒకే వరండాలో పనిచేస్తూ ఒకరి సంగతి ఒకరం అడగని మనుషులం.

ఫిబ్రవరిలో మేడారం జాతర అయిపోయిన మరుసటి వారం. స్టాఫ్‌లో సగం మంది ఇంకా నిద్రమొహాలతో ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు యంత్రం మనిషి తన స్టూలు వదిలి నా కిటికీ దాకా నడిచి వచ్చాడు. 

"మీ మిర్చి అన్న," అన్నాడు. "పంతొమ్మిది పాయింట్ ఆరు."

"కాదు. ఆయనది సున్నా పాయింట్ ఏడు."

"అది జూన్‌లో."

నేను ఒప్పుకోలేదు. గొట్టాలు మారిపోయి ఉంటాయన్నాను. లేబుల్ ఎవరు అంటించారని అరిచాను. పక్కవాడి రక్తం పడి ఉంటుందన్నాను. ఆయన అదే గొట్టం మళ్లీ యంత్రంలో పెట్టాడు. ఆ ఇరవై నిమిషాలు నేను ఆయన వెనకాలే నిలబడ్డాను. ముప్పై ఏళ్లు యంత్రం తప్పు చూపకూడదని దేవుళ్లకు మొక్కినదాన్ని, ఆ ఒక్క రోజు తప్పు చూపమని మొక్కాను. రెండోసారి పంతొమ్మిది పాయింట్ నాలుగు వచ్చింది. పక్కన హిమోగ్లోబిన్ మాత్రం పన్నెండుకు పెరిగి ఉంది. జూన్‌లో అది పది.

కొత్తగా రక్తం తీసి మూడోసారి చూద్దామని నేనే సూది, గొట్టం పట్టుకుని వరండాలోకి పోయాను. ఆయన లేచి నిలబడ్డాడు. మనిషి ఎంత బాగున్నాడో! మొహంలో కళ వచ్చింది, నడుము నిటారుగా ఉంది. సంచీలోంచి పేపర్లో చుట్టిన బెల్లం ముద్ద తీసి నా చేతిలో పెట్టాడు.

"బంగారం, చెల్లె. సమ్మక్క తల్లి బంగారం. నిలువెత్తు మొక్కుకున్న, మొన్న జోకి ఇచ్చినం. ఇగ పాయింట్లు జూపిచ్చుకుందామని వచ్చినం. ఎంత వచ్చినయ్ పాయింట్లు? పెరిగినయ్ గదా?"

మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు, మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరితూగేంత ఇస్తారు. అది నాకు అర్థమైంది. మిగతాది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"పెరిగినయ్ అన్నా," అన్నాను.

"జూసినవా!" అని భార్య వైపు తిరిగాడు. "నేను చెప్పలే? సూది బంద్ పెడితె పాయింట్లు పెరుగుతయని?"

నా చేతిలో గొట్టం ఉందన్న సంగతి మర్చిపోయాను. ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"సూది ఎప్పుడు బంద్ పెట్టినవ్ అన్నా?"

"నువ్వు ఒక్క పాయింట్ గూడ లేదన్న దినమే. నేను జూస్తనే ఉన్న. పోయినకొద్ది సూది ఏస్తున్నరు, పోయినకొద్ది పాయింట్లు పడిపోతున్నయ్. ఒంట్ల వేడి ఆవిర్లు, కాళ్లల్ల సత్తువ లేదు. సూదే నన్ను తాగుతాంది అనుకున్న. బంద్ పెట్టిన. నాలుగు నెలలకు సత్తువ వచ్చింది. ఇగో, ఇప్పుడు పాయింట్లు గూడ వచ్చినయ్."

పిల్లలూ, ఆయన ఆలోచనలో ఎక్కడ తప్పుందో వెతకండి. నేను చాలాసార్లు వెతికాను, దొరకలేదు. ఆ సూదికి వేడి ఆవిర్లు వస్తాయి, నీరసం వస్తుంది, రక్తం కూడా కొంచెం తగ్గుతుంది. ఆపితే అవన్నీ సర్దుకుంటాయి. చూసింది చూసినట్టు, లెక్కకు లెక్క సరిపోయింది. ఒక్క మాట తలకిందులుగా ఉంది, ఆ మాట నేనిచ్చింది. రక్తం రెండు వందల పాయింట్లు ఎవరికుంటుంది అన్నా అని తర్వాతెప్పుడో అడిగాను. "మొగోళ్ల పరీక్ష గదా, మొగోళ్ల బలం వందల్ల ఉంటదేమో అనుకున్న," అన్నాడు.

ఆ బెంచీ మీదే చెప్పాను. రిపోర్టు కాగితం మోకాలి మీద పెట్టి, ఈ అంకె రక్తం, ఇది పెరగాలె, ఈ అంకె బీమారి, ఇది పడిపోవాలె అని వేలు పెట్టి చూపించాను. ఇది నీ బలం కాదన్నా, క్యాన్సర్ బలం అన్నాను. ఆయనకు వెంటనే అందలేదు. మొదటి నుంచి మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్తుండగా మొహంలో కళ ఎలా పోయిందో నా కళ్లతో చూశాను.

"మరి పడిపోయినయ్ అని నువ్వే గదా అన్నవ్?"

"అన్న."

"పడిపోయినయ్ అంటే సంబురపడాలె అని నాకెట్ల తెలుస్తది చెల్లె?"

 రేడియో ఆగిపోయింది. అప్పటిదాకా మాట్లాడని వదినె అప్పుడు నోరు విప్పింది.

"డాక్టర్ సాబ్ మంచిగున్నదండీ మంచిగున్నదండీ అన్నడు. ఆయన అందరికి అట్లనే అంటడు. మా వదినె అయితె ఉన్నది ఉన్నట్టు చెప్తది అని నిన్ను నమ్మినం. నువ్వేమో నవ్వుకుంట చెప్పినవ్. బల్ల గుద్దుకుంట చెప్పినవ్. మనిషి సస్తాండు అని గిట్ల నవ్వుతదా, ఈమెకు దయ లేదా అని నేను ఆ దినం బస్సుల ఊరు వచ్చేదాక ఏడ్చిన. ఈయనేమో ఇంటికి పోయి, ఈ యేడు మిర్చి పెట్టను, కాయ ఏరేనాటికి నేను ఉండ అని చేను పడావు పెట్టిండు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నన్ను తిట్టని రోజు లేదు చిన్నప్పుడు. అది అబద్ధాలకూ చాడీలకూ చెప్పిన మాట అనుకున్నాను ఇన్నేళ్లూ. నేను నిజమే చెప్పాను. సంతోషంగా, ప్రేమగా, వాళ్ల భాషలో నిజం చెప్పి ఒక మనిషి చేత మందు మాన్పించాను.  వదినె చేతులు పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు, అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు.

ఇద్దరినీ నేనే డాక్టరు గదికి తీసుకుపోయి, నా సంగతంతా వాళ్ల ముందే ఆయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాగితం చూసి, "అడిగి ఉండాల్సింది నేను కూడానండి, రెండు ఇంజెక్షన్లు మిస్ అయితే మావాళ్లు ఫోన్ చేసి ఉండాలి," అన్నాడు. స్కాన్ చేయించారు. కొత్తచోటికి పాకలేదు. అది మొదటి ఊపిరి. సూది మళ్లీ మొదలుపెట్టారు. కొందరికి కావాలనే మధ్యలో విరామం ఇస్తారనీ, ఇది అలా అయినా అనుకోవచ్చనీ, అయితే ఈసారి సూదికి జబ్బు లొంగుతుందా లేదా అన్నది మూడు నెలల తర్వాతి రక్తమే చెప్పాలనీ డాక్టరు అన్నాడు. ఒకసారి తలెత్తాక మొండికేసే జబ్బులు ఉంటాయి. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నాకే తెలుసు.

ఆ సాయంత్రం మా పెద్ద మేడం గదికి వెళ్లాను. పెద్ద మేడం అంటే మా ల్యాబ్ మొత్తానికి పైన ఉండే పాథాలజిస్టు. కిటికీ దగ్గర మాట్లాడొద్దని నన్ను ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. జరిగిందంతా చెప్పి, నన్ను కిటికీ నుంచి తీసేయండి, మూలన కూర్చుని గొట్టాలకు లేబుళ్లు అంటించుకుంటాను అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండనుకున్నాను కూడా.

"నువ్వు మూగదానివైతే వాళ్లకు అర్థమైపోతుందా?" అంది ఆమె. "నువ్వు లేకపోతే ఆయన ఇవాళ ఎవరికి చెప్పేవాడు సూది మానేశానని? నీ దగ్గరికి బెల్లం తెచ్చాడు కాబట్టి బయటపడింది. మాట్లాడు. కాకపోతే ఇప్పటిదాకా నువ్వు చెప్పి ఊరుకున్నావు. ఇకనుంచి చెప్పాక, నేనేం చెప్పానో నువ్వు చెప్పు అని వాళ్లనే అడుగు."

ఇంత చిన్న విషయం ముప్పై ఏళ్లలో నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. మరుసటి రోజు నుంచి అడగడం మొదలుపెట్టాను. బాబోయ్, నేను చెప్పినవి ఎన్ని రకాలుగా విన్నారో! థైరాయిడ్ నార్మల్ అంటే 'థైరాయిడ్ ఉంది, కానీ నార్మల్‌గా ఉంది' అని ఒకామె మందు కొనుక్కోబోయింది. నెగెటివ్ అంటే చెడ్డదని ఒకాయన చెమటలు కక్కాడు. తీపి బంద్ పెట్టమంటే పంచదార మానేసి బెల్లం మొదలుపెట్టినవాళ్లు ముగ్గురు. నా కిటికీ ముందు లైను పొడుగైంది, వెనకవాళ్లు తిట్టుకున్నారు. యంత్రం మనిషి ఒకరోజు ఇదంతా విని నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆ మూడు నెలలూ నేను వారానికోసారి వదినెకు ఫోన్ చేసేదాన్ని. మొదట్లో ముక్తసరిగా మాట్లాడేది. "తింటాండు." "పంటాండు." ఆ తర్వాత తర్వాత కొంచెం మెత్తబడింది. మళ్లీ ఆవిర్లు వస్తున్నాయట, రాత్రికి చొక్కా తడిసిపోతోందట. "గిట్ల చెమటలు పడ్తాంటే బుగులయితాంది వదినె, మల్ల బంద్ పెడ్తడో ఏమో," అంది. ఫోన్ ఆయనకివ్వమన్నాను. అన్నా, చెమట పట్టిందంటే సూది లోపల పనిచేస్తాంది అన్నట్టు, అన్నాను. నేనేమన్ననో నువ్వు చెప్పు అని అడిగాను. "చెమట పడితె సూది పని చేస్తాంది," అని బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. మళ్లీ తనే, "చెల్లె, పని చెయ్యకపోతె?" అన్నాడు. అప్పుడు వేరే మందు ఉంటది అన్నా అన్నాను. ఉంటుంది, నిజమే. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

మే నెలలో వచ్చారు. రక్తం నేనే తీశాను. నేను రబ్బరు పట్టీ హడావిడిగా బిగించడం చూసి ఆయనే "మెల్లగ తియ్యి, ఏం తొందర లేదు," అన్నాడు. గొట్టం తీసుకుపోయి యంత్రం మనిషి చేతికిచ్చి నా కిటికీలోకి వచ్చి కూర్చున్నాను. గంటన్నర. ఎవరికి ఏం రిపోర్టు ఇచ్చానో గుర్తులేదు. లైను వెనక ఆ ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.

యంత్రం మనిషి కాగితం నా బల్ల మీద బోర్లించి పెట్టి వెళ్లిపోయాడు. తిప్పాను. చూశాను. మళ్లీ చూశాను. నవ్వు రాబోతుంటే పెదాలు బిగపట్టుకున్నాను, ఈసారి ముందుగా నవ్వకూడదని. పేరు పెట్టి పిలవకుండా చెయ్యూపాను. ఇద్దరూ వచ్చారు.

"అన్నా, కాగితం ఇయ్యకముందు ఒకటి అడుగుత. పీఎస్‌ఏ పెరగాల్నా, దిగాల్నా?"

"దిగాలె."

"ఎంతకు దిగితె మంచిది?"

"ఒకటి లోపలికి. సున్న దిక్కు పోవాలె."

కాగితం ఆయన చేతికే ఇచ్చాను. అద్దాలు లేవు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల మధ్య వేలితో వెతుక్కుంటూ, నేను ఆ రోజు బెంచీ మీద చూపించిన వరసకు వచ్చి ఆగాడు. వేలు అంకె మీద పెట్టాడు. పెదాలు కదిలాయి. "సున్న. పాయింట్. తొమ్మిది." తలెత్తి నా వైపు చూశాడు. ఆ కళ్లలో ఇంకా అనుమానం ఉంది, ఇదివరకు ఇలాగే కదా మోసపోయింది.

"అంటె?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

"అంటె బీమారి అణిగింది."

"అణిగింది అన్నా," అన్నాను. వదినె కిటికీ సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి నా మణికట్టు పట్టుకుంది. ఈసారి గట్టిగా పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి. అప్పుడు నవ్వాను. ముగ్గురం నవ్వాం, ఇద్దరం ఆడవాళ్లం కాసేపు ఏడ్చాం కూడా.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. పోబోతూ ఆగాడు.

"మల్ల ఎప్పుడు రావాలె?"

"మూడు నెలలకు. ఆగస్టు మూడో సోమారం. రక్తం, సూది రెండూ."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"తీరది చెల్లె. ఆ వారం మాది మిర్చి నాటు."

"ఎవలతోనన్న వేపిచ్చు అన్నా, నువ్వు లేకుంటె నాటు ఆగుతదా?"

"మూడెకరాలు. నేను గట్టు మీద నిలవడకపోతె సాళ్లు వంకర పెడ్తరు."

"ఎనుకకు జరుపుడైతె కుదరది, సూది ఆలస్యం చెయ్యొద్దు."

"ఎనుకకు ఎవలు జరుపుమన్నరు? ముంగటికి జరుపు. నాటుకు ముందే సూది పొడిపిచ్చుకుంట," అన్నాడు విసుగ్గా, నాకే ఏమీ తెలియదన్నట్టు.

లేచి డాక్టరును అడిగి వచ్చాను. వారం ముందైతే ఫర్వాలేదన్నాడు. పాత తారీకు కొట్టేసి కొత్తది రాసి ఇచ్చాను. ఆయన దాన్ని చదువుకుని, బస్సుకు టైమయింది నడువు అని భార్యను తొందరపెడుతూ మెట్లు దిగిపోయాడు. పోయిన ఏడు చచ్చిపోతానని చేను బీడుగా వదిలేసిన మనిషి, ఈ ఏడు నా దగ్గర నిలబడి తీరిక లేదంటున్నాడు. నాకెంత నిమ్మళమైందంటే, లైనులో తర్వాతి మనిషి "అమ్మా, జర మా కాగితం," అని మూడుసార్లు పిలిచేదాకా నాకు వినపడనే లేదు.